వెర్టిగో చిత్రమునకు జీర్ణోద్ధరణము

ఒక మోటారుకారు ఏ ఛాయ ఆకుపచ్చలో నుండెనో తెలిసికొనుటకు ఇద్దరు వ్యక్తులు కార్ల కంపెనీని ఆశ్రయించిరనిన, వారు ఆ కారును కొనదలచినారనియో, దానిపై పందెము వేసికొన్నారనియో ఎవరైన అనుకొందురు. రాబర్టు హారిస్, జేమ్సు కాట్జ్ అను అమెరికనులకు ఆ రెండు ఉద్దేశములును లేవు. సుమారు నలువది యేండ్లనాటి యొక చలనచిత్రమునకు వారు చెడిన రంగులను మరల కూర్చుచుండిరి. అందులో నాయిక ఆకుపచ్చని జాగ్వార్ కారులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు ఎగుడుదిగుడు వీధులలో తిరుగును. ఫిల్ముమీద ఆ పచ్చదనము నమ్మదగిన స్థితిలో లేదు. చూచినవారి జ్ఞాపకమా, అంతకంటెను నమ్మరానిది. తుదకు ఫోర్డు కంపెనీవారివద్ద చెక్కుచెదరని ఆ కారురంగు నమూనా యొకటి లభించినది. దానిని ఆధారముగా పట్టుకొని చిత్రములోని తక్కిన పచ్చదనమును సరిచూచుకొన గలిగిరి.

ఆ చిత్రము పేరు వెర్టిగో. తలతిరుగుడు అని ఆ మాటకు అర్థము. ఉత్కంఠను రేకెత్తించు చిత్రములకు పెట్టినది పేరైన ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దానిని పారమౌంటు సంస్థ పక్షమున తీసి 1958లో విడుదల చేసెను. బ్వాలో, నార్సెజాక్ అను ఇద్దరు ఫ్రెంచి రచయితలు కలసి వ్రాసి 1954లో ప్రకటించిన నవల దానికి మూలము. జేమ్సు స్టీవార్టు, కిమ్ నోవాక్ ప్రధానపాత్రలను ధరించిరి. విడుదలనాడు విమర్శకులందరును దానిని మెచ్చుకొనలేదు. తరువాతి చరిత్ర వేరు. కలకాలము కాపాడదగిన అమెరికా చిత్రములను ఎన్నుకొనుటకు 1989లో ఆ దేశమువారు ఆరంభించినప్పుడు, మొదటి యిరువదియైదు చిత్రములలోనే దీనికి స్థానము దొరకెను. బ్రిటిషు ఫిల్ము ఇన్‌స్టిట్యూటువారి సైట్ అండ్ సౌండ్ పత్రిక పదేండ్ల కొకమారు విమర్శకుల అభిప్రాయములను సేకరించును. అందు 1962 మొదలు ప్రథమస్థానమును వీడని సిటిజన్ కేన్ చిత్రమును 2012లో వెర్టిగో త్రోసిరాజన్నది. 2022లో తాను రెండవ స్థానమునకు దిగినది. ఇట్టి పట్టికలకు అతిగా విలువనీయ నక్కరలేదు. కాని లోకము ఇంతగా తలకెత్తుకొన్న చిత్రము ఒకప్పుడు పెట్టెలలో మూలబడి వెలవెలబోయెనన్న సంగతి మాత్రము తలపోయదగినది.

కథ కొంత చెప్పక తప్పదు. తుదిఘట్టమును వెల్లడించుట మాత్రము న్యాయము కాదు. స్కాటీ అను డిటెక్టివు ఒక నేరస్థుని తరుముచు మేడకప్పులమీద పరుగెత్తి, కాలుజారి, చూరు పట్టుకొని వ్రేలాడును. చేయి యందింపబోయిన పోలీసు జవాను పట్టుతప్పి క్రిందపడి మరణించును. అది మొదలు స్కాటీకి ఎత్తైన చోట తలతిరుగును. ఉద్యోగము వదలుకొనును. పాత మిత్రుడొకడు పిలిచి, తన భార్య మాడెలిన్‌ను ఎన్నడో గతించిన పూర్వీకురాలొకతె ఆవహించినట్లున్నదని చెప్పి, వెన్నంటి కనిపెట్టుమనును. కనిపెట్టుచు కనిపెట్టుచు స్కాటీ ఆమెను ప్రేమించును. ఆమె యొక చర్చి గోపురమునుండి పడిపోవును. మెట్లెక్కలేక అతడు నడుమనే నిలిచిపోవును.

కొంతకాలమునకు వీధిలో అతనికి జూడీ యను దుకాణపు ఉద్యోగిని కనబడును. ఆమెయందు మాడెలిన్ పోలిక లున్నవి. అక్కడినుండి అతడు చేయు పనులు చూడగా జాలియు, జుగుప్సయు ఒక్కమారే కలుగును. చనిపోయిన స్త్రీ ధరించిన బూడిదరంగు దుస్తులవంటివే కావలెనని అంగడి యంతయు వెదకించును. పాదరక్షలు మార్పించును. జుట్టునకు ఆ రంగే వేయించును. ఆ ముడియే వేసికొనుమని పట్టుపట్టును. తుదకు ఆమె హోటలు గదిలో, కిటికీవెలుపలి నామఫలకపు దీపకాంతిలో, ఆకుపచ్చని పొగమంచును చీల్చుకొని వచ్చినట్లు మాడెలిన్ రూపున నడచివచ్చును. ఒకప్రక్క ప్రేమ, మరియొక ప్రక్క శవాలంకారము. చిత్రమంతకును గుండెకాయ ఆ ఘట్టము.

ఆ ఘట్టములో ఆకుపచ్చని వెలుగు లేకున్న మిగులునది ఒక స్త్రీ స్నానపుగదినుండి వెలుపలికి వచ్చుట మాత్రమే. ఈ చిత్రములో రంగు అలంకారము కాదు, అర్థము. మాడెలిన్ మొదట కనబడు ఎర్నీస్ భోజనశాల గోడలు కణకణలాడు ఎరుపు. ఆ యెరుపు నడుమ ఆమె పైవస్త్రము ఆకుపచ్చ. ఆమె కారు ఆకుపచ్చ. జూడీ వీధిలో తొలిసారి కనబడునప్పుడు ధరించిన దుస్తులును ఆకుపచ్చ. చనిపోయినదానికిని బ్రతికియున్నదానికిని నడుమ కట్టిన త్రాడువలె ఆ రంగు కథ పొడవునను సాగును. బూడిదరంగు దుస్తుల సంగతియు అంతే. అవి కిమ్ నోవాక్‌కు నచ్చలేదు. దుస్తుల నిర్మాత్రి ఈడిత్ హెడ్ ఆమె మాటను హిచ్‌కాక్ చెవిని వేసినను ఆయన చలింపలేదు, బూడిదరంగే కావలెననెను. రంగుఫిల్ము చెడునప్పుడు ముందుగా పట్టిచ్చునది ఈ బూడిదరంగే. ఎరుపు కొంచెము తగ్గినను కన్ను సర్దుకొనును. బూడిదకు రవ్వంత గులాబి సోకినను, నీలము సోకినను వెంటనే తెలిసిపోవును. ఆ దుస్తులు గులాబివన్నెకు తిరిగిన, స్కాటీ అంగడులవెంట వెదకినది ఏ రంగో ప్రేక్షకునికి బోధపడదు.

ఇంత జాగ్రత్తగా కూర్చిన రంగులు చెడుటకు కారణములు రెండు. ఒకటి వ్యవహారమునకు, రెండవది రసాయనమునకు సంబంధించినవి.

వ్యవహారము చిన్నదే. రోప్, రియర్ విండో, ది ట్రబుల్ విత్ హారీ, ది మ్యాన్ హూ న్యూ టూ మచ్, వెర్టిగో అను ఐదు చిత్రముల హక్కులు కాలక్రమమున హిచ్‌కాక్‌కే సంక్రమించెను. ఆయన వానిని ప్రదర్శననుండి ఉపసంహరించెను. 1970 తరువాత సుమారు పదేండ్లపాటు లోకమునకు అవి చూడ దొరకలేదు. ఆ చిత్రములను గూర్చి పుస్తకములలో చదివి, చూచినవారు చెప్పగా విని ఊహించుకొనుటయే ఒక తరము విద్యార్థులకు గతియైనది. 1980లో హిచ్‌కాక్ మరణించెను. యూనివర్సల్ సంస్థ హక్కులను సంపాదించి 1983లో తిరిగి ప్రదర్శనలు మొదలుపెట్టెను. వెంటనే ఇంటిలో చూచుకొను వీడియో టేపులును వచ్చెను. కాని తెరమీదికి వచ్చినది 1958 నాటి చిత్రము కాదు, దాని నీడ.

రసాయనము సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది. నలుపుతెలుపు ఫిల్ముమీద బొమ్మను నిలుపునది వెండి. తగినరీతిని శుద్ధిచేసిన ఫిల్ములో వెండి తరతరములు నిలుచును. రంగుఫిల్ముమీద తుదకు నిలుచునది వెండి కాదు, అద్దకపు రంగు. ఒకదానిపై నొకటిగా మూడు పలుచని పొరలు. ఒక్కొక్క పొరలో ఒక్కొక్క రంగు. సంతలో కొన్న చీరె రంగు వెలసినట్లే ఈ రంగులును వెలయును. ఎండ తగులనక్కరలేదు, చీకటి పెట్టెలోనున్నను వెలయును. వేడిమి, తేమ ఉన్నచో మరింత త్వరపడును. మూడును ఒక్కతీరున వెలసిన బాగుండును. బొమ్మ పలుచబడును, అంతే. ఒకటి ముందు, ఒకటి వెనుక వెలయుటచేత మిగిలిన రంగు పెత్తనము చేయును. పాతచిత్రములలో ఆకాశము, చెట్టు, ముఖము అన్నియు ఒకే గులాబివన్నెకు తిరిగియుండుటకు కారణ మిదియే. వెర్టిగో నెగటివు ఈస్ట్‌మన్ రంగుఫిల్ము. ఇట్టి ఫిల్ములకు ఉండవలసిన శీతలవసతి దానికి అమరలేదు.

దీనికి మరియొక విశేషము తోడైనది. ఆ చిత్రమును విస్టావిజన్ అను పద్ధతిలో తీసిరి. సామాన్యముగా 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమేరాలో నిలువుగా దిగును; ప్రక్కనుండు రంధ్రములు నాలుగు దాటగనే ఒక ఫ్రేము పూర్తియగును. విస్టావిజన్‌లో ఫిల్ము అడ్డముగా నడచును. ఒక్కొక్క ఫ్రేమునకు ఎనిమిది రంధ్రముల వెడల్పు. బొమ్మవైశాల్యము రెండింతలకు పైబడును. అందుచేత గొప్ప స్పష్టత. ఛాయాగ్రాహకుడు రాబర్టు బర్క్స్ ఆ స్పష్టతను నగరపు మంచులోను, సముద్రతీరములోను చక్కగా వినియోగించెను. కాని ఆ పద్ధతి కొలది యేండ్లలో మూలబడెను. దానిని నడుపు యంత్రములు అరుదయ్యెను. అంత విశాలమైన బొమ్మను తుదకు జనులు చూచినది దేనిమీద? 1980 ప్రాంతపు టెలివిజను పెట్టెమీద. వెడల్పైన బొమ్మ ఆ చదరపు తెరకు సరిపడక ప్రక్కలు తెగిపోవును. అయస్కాంతపు టేపుమీద అంచులు మసకబారును. మహాసౌధమును తాళపుచెవి రంధ్రమునుండి చూచినట్లు కోట్లమంది ఈ చిత్రమును చూచిరి. చూచి కూడ మెచ్చిరి. మూలములోని సత్తువకు అంతకంటె వేరు నిదర్శన మక్కరలేదు.

హారిస్, కాట్జ్ ఈ పనికి క్రొత్తవారు కారు. లారెన్స్ ఆఫ్ అరేబియా చిత్రమును హారిస్ 1989లో ఉద్ధరించెను. స్పార్టకస్, మై ఫెయిర్ లేడీ చిత్రములను తరువాత ఇద్దరును కలిసి ఉద్ధరించిరి. వెర్టిగో పని యూనివర్సల్ పక్షమున రెండేండ్లు సాగి 1996లో ముగిసినది. పదిలక్షల డాలర్లకు మించి వ్యయమైనది. నిడివి 128 నిమిషములు. నిమిషమునకు 1,440 ఫ్రేముల చొప్పున లెక్కించినచో మొత్తము 1,84,320. ఈ సంఖ్యను ఒకసారి మనసులో నిలుపుకొన్న పిమ్మట ఆ వ్యయము ఎక్కువనిపింపదు.

రంగుఫిల్ము అశాశ్వతమని హాలీవుడ్డువారికి ముందే తెలియును. అందుచే ముఖ్యచిత్రములకు ఒక రక్షణోపాయము చేయుదురు. నెగటివును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వడపోతలగుండ మూడు నలుపుతెలుపు ఫిల్ములమీదికి వేరువేరుగ ఎత్తుదురు. వానిలో నిలుచునది వెండి గనుక అవి వెలయవు. ఎన్నటికైన మూడింటిని ఒకదానిపై నొకటి కూర్చి ముద్రించినచో పూర్వపు రంగులు మరల పుట్టును. యుక్తి మంచిదే. వెర్టిగోకు అట్టి ఫిల్ములు 1958లోనే చేసిరి; సరిగా చేయలేదు. పైగా మూడును మూడు తీరుల కుంచించుకొనిపోయెను. ఒకే గ్రంథమును మూడు భాగములుగా మూడు తాళపత్రపు కట్టలమీద వ్రాసి ఉంచగా, ఒక కట్ట ముడుచుకొని, మరియొకటి వంగి, అక్షరము కక్షరము కలియకపోయినట్లు, మూడు రంగులును పలుచోట్ల ఒకదానిపై నొకటి కుదురలేదు. కుదిరినచోట వానినుండి క్రొత్త నెగటివు తయారుచేసిరి. కుదురనిచోట కంప్యూటరు సాయము కొనిరి. మరికొన్ని తావులలో ప్రతికి ప్రతి, ఆ ప్రతికి మరల ప్రతిగా నడవవలసివచ్చెను. ప్రతియెత్తిన ప్రతిసారియు కొంత స్పష్టత కోలుపోక తప్పదు. జూడీ హోటలు గది ఘట్టము, చిత్రమున కంతటికిని గుండెకాయయనిన ఆ ఘట్టమే, మూలనెగటివునుండి ఎనిమిది తరములు దూరమైనది. తెరమీద చూచువానికి ఆ దూరము తెలియకుండ నిర్వహించుటయే వారి నేర్పు.

క్రొత్త నెగటివును 65 మిల్లీమీటర్ల ఫిల్ముమీద తీసిరి. విస్టావిజన్ బొమ్మకు పరిమాణములో అది దగ్గర. దానినుండి 70 మిల్లీమీటర్ల ప్రింట్లు వేసి, 1996 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాస్ట్రో థియేటరులో ప్రదర్శించిరి. కథ నడచిన నగరమే అది. కిమ్ నోవాక్ స్వయముగా వేదికపైకి వచ్చి చిత్రమును పరిచయము చేసెను.

మెప్పుతోపాటు నిందయు వచ్చినది. రాకయుండదు. ఇన్నిచోట్ల క్రొత్తగా కూర్చిన రంగులు హిచ్‌కాక్ రంగులేనా, ఉద్ధారకుల రంగులా యని కొందరు ప్రశ్నించిరి. హిచ్‌కాక్ లేడు; బర్క్స్ 1968లోనే మరణించెను. అడుగుటకు దిక్కులేదు. నటీనటుల శరీరచ్ఛాయలు, చిత్రము తీసిన స్థలములు, దుస్తులు, కార్లు ఇన్నింటిని పరిశోధించియే పనిచేసితిమని హారిస్ బృందము సమాధానము చెప్పినది.

ఈ ప్రశ్న తెలుగు ఉపాధ్యాయులకు క్రొత్తది కాదు. 19వ శతాబ్దిలో సి.పి.బ్రౌను వేమన పద్యములకు పలు వ్రాతప్రతులు తెప్పించి, పండితుల సాయమున పోల్చి చూచినప్పుడు పుట్టినది ఇదే ప్రశ్న. ఒక ప్రతిలో ఒక పాఠము, మరియొక ప్రతిలో మరియొకటి. పురుగు తొలిచినచోట ఏ యక్షర ముండెనో ఊహింపవచ్చును. కాని ఊహించిన యక్షరము అందముగా నున్నదను కారణమున అదే కవి వ్రాసినదనుట సాహసము. పరిష్కర్తకు సహృదయత ఎంత యెక్కువైన ప్రమాదము అంత యెక్కువ. మూలకవికంటె తానే బాగుగా వ్రాయగలవాడు మంచి పరిష్కర్త కాజాలడు.

వెర్టిగో విషయమున ఈ ప్రమాదము మరింత విచిత్రరూపమున ఎదురైనది. చిత్రకథ దీనిని గూర్చినదే గదా! గతించిన యొక రూపమును మరల బ్రతికింపవలెనని యొక మనుష్యుడు దుస్తు, జుట్టు, నడక ఒక్కొక్కటే సరిచేయుచు పోవును. తన జ్ఞాపకములోని రూపమే సత్యమని అతని నమ్మకము. ఎదుట నిలిచిన ప్రాణి ఏమనుచున్నదో అతడు వినడు. హారిస్, కాట్జ్ చీకటిగదిలో కూర్చుండి జూడీ దుస్తుల రంగును దిద్దుచుండగా, తెరమీద స్కాటీయు ఆ పనిలోనే ఉండెను. వారిని అతనినుండి వేరుచేయునది ఒక్కటే. స్కాటీ తన హృదయమును ఆధారముగా గైకొనెను. వారు కార్ల కంపెనీని అడిగిరి. రంగు నమూనాకు మమకారము లేదు, అది సాక్షివంటిది. తమ అభిరుచికి వెలుపలనున్న సాక్ష్యమును వెదకినంతమేరకు వారి పని న్యాయమైనదనియే చెప్పవలెను. సాక్ష్యము దొరకనిచోట కొంత ఊహ చేరియుండును. అది లేని జీర్ణోద్ధరణము ప్రపంచములో ఎక్కడను లేదు.

1957 నాటి మాయాబజార్ చిత్రమును 2010లో రంగులలో విడుదల చేయుట తెలుగు ప్రేక్షకులకు జ్ఞాపకమే. రెండు పనులును ఒకటేనని తోచవచ్చును, కాని కావు. మాయాబజార్ నలుపుతెలుపులోనే పుట్టినది. అందు రంగులు చేర్చుట క్రొత్త అలంకారము. ఇష్టమైనవారికి ఆనందము, కానివారికి పాతప్రతి ఉండనే యున్నది. వెర్టిగోకు పుట్టుకతోనే రంగులున్నవి, అవి పోయినవి. ఒకటి బొమ్మకు క్రొత్తగా పట్టుచీరె కట్టుట. మరియొకటి చినిగిన చీరెలో పోయిన పోగును వెదకి మరల నేయుట.

రంగుల విషయమున ఇంత నిదానించిన హారిస్, కాట్జ్ ధ్వని విషయమున మాత్రము తొందరపడినట్లు కనబడును. 1958లో ఈ చిత్రపు ధ్వని ఒకే మార్గమున వచ్చెడిది. సంభాషణము, సంగీతము, అడుగుల చప్పుడు, కారుల మ్రోత అన్నియు కలసి ఒకటే పాయ. 1996లో సినిమాహాళ్ళకు పలుదిక్కులనుండి వినవచ్చు డిజిటల్ ధ్వని అలవాటైనది. విశాలమైన 70 మిల్లీమీటర్ల తెరకు పాత సన్నని ధ్వని చాలదని వారి యభిప్రాయము. సంగీతమునకు మాత్రము అదృష్టము కలిసివచ్చెను. బెర్నార్డు హెర్మన్ కూర్చిన ఆ సంగీతమును, 1958లో అమెరికా వాద్యకారుల సమ్మె మూలమున, మ్యూర్ మాథీసన్ నిర్వహణమున లండనులో కొంత, వియన్నాలో కొంత వాయింపవలసివచ్చెను. లండను భాగమును రెండు మార్గములలో ముద్రించియుండిరి. ఆ ముద్రణములను వెదకి వాడుకొనగా సంగీతము మునుపెన్నడు తెరమీద వినబడనంత నిండుగా వినబడెను. ఇది తప్పుపట్టరాని పని. ధ్వని పాతది, దుమ్ము మాత్రము దులిపిరి.

తక్కిన చప్పుడుల కథ అట్టిది కాదు. మేడకప్పుమీది తుపాకి మ్రోత, అడుగులు, కారుతలుపులు, పక్షికూజితములు అన్నియు క్రొత్తగా చేసి చేర్చిరి. హిచ్‌కాక్ నాడు ధ్వనిని గూర్చి చెప్పి వ్రాయించిన సూచనలను ముందుంచుకొని చేసితిమనిరి. సూచన వేరు, చేసిన పని వేరు. ఆ సూచనలను విని 1958 నాటి శిల్పులు చేసిన చప్పుడు ఒకటి ఉన్నది, అది నశింపలేదు. రంగు నశించినది గనుక మరల కూర్చుట ధర్మము. నశింపని ధ్వనిని త్రోసి, దాని స్థానమున నేటి చెవికి ఇంపైనదానిని నిలుపుట, గుడిగోడమీది పాతచిత్రము మాసినదని దానిపై క్రొత్త చిత్రము వ్రాయించుట వంటిది. వ్రాసినవాడు నిపుణుడే కావచ్చును. ఆ నిపుణతయే అపకారము. పాతచిత్రమును బాగుగా ఎరిగినవారు మొదటి తుపాకి మ్రోతకే ఉలికిపడి, ఇది మా వెర్టిగో కాదనిరి.

ఈ పొరపాటునకు మందు ఇంటి టెలివిజనువద్ద దొరకినది. సినిమాహాలులో ప్రేక్షకునికి ఎన్నిక లేదు. ఏ ధ్వని వినిపించిన అదియే వినవలెను. 1998లో ఉద్ధరించిన చిత్రము డి.వి.డి.గా వచ్చినది. 2012లో బ్లూరే, 2020లో 4కె డిస్కు వెలువడెను. టేపు మసకలో కానరాని మంచుతెరలును, దుస్తుల నేతయు వీనిలో నానాటికి స్పష్టమయ్యెను. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి. డిస్కులో ఒకే చిత్రమునకు రెండు మూడు ధ్వనులను ప్రక్కప్రక్కన ఉంచవచ్చును. మొదట క్రొత్తధ్వనికే పట్టము కట్టినను, తరువాతి డిస్కులలో 1958 నాటి ఏకమార్గధ్వనియు చేర్చిరి. మీట నొక్కిన పాతది, మరల నొక్కిన క్రొత్తది. 1996లో లక్షలు వ్యయించి నిర్మించిన ధ్వని ఒక పాఠము, మూలధ్వని మరియొక పాఠము. ఏది ప్రమాణమో పోల్చి చూచుకొను భారము చూచువానిది.

ఇట్లు ఆలోచించినచో మంచి డిస్కు మన పండితులు సిద్ధముచేయు పరిష్కృతప్రతికి అచ్చముగా సోదరివలె నున్నది. మధ్యను మూలము. దానికి పాఠాంతరములు. టీకయు ఉన్నది: హారిస్, కాట్జ్, నాటి సహనిర్మాత హెర్బర్టు కోల్మన్ తదితరులు చిత్రము నడచుచుండగా ప్రక్కనుండి వినిపించు వ్యాఖ్యానము. పీఠికయు ఉన్నది: ఉద్ధరణకథను చెప్పు, 1997 నాటి యొక చిన్న చిత్రము. పాఠశాలలో విద్యార్థులకు పాఠాంతరమనగా నేమో చెప్పవలసిన యుపాధ్యాయునికి ఇంతకంటె సులభమైన ఉదాహరణము దొరకదు. మేడకప్పు ఘట్టమును రెండు ధ్వనులతో రెండుసార్లు చూపి, ఏది 1958 నాటిదో గుర్తింపుమనిన చాలును. కొందరు పిల్లలు క్రొత్తదానినే మెచ్చుదురు. మెచ్చుట తప్పు కాదు. రెండింటిని వేరుచేసి వినగలిగిన పిమ్మట మెచ్చుట వేరు. ఒకటే ఉన్నదనుకొని మెచ్చుట వేరు.

మేలిమి పరిష్కర్తలు ప్రక్షిప్తములను పారవేయరు. మూలమునుండి వేరుచేసి అడుగున చూపుదురు. ఈ డిస్కులలో అట్టి ప్రక్షిప్త మొకటి కలదు. నేరము చేసినవాడు శిక్షకు గురియగునని ప్రేక్షకునికి స్పష్టముగా తెలియవలెనని నాటి చిత్రనియమావళి అధికారి కోరగా, హిచ్‌కాక్ ముగింపునకు ఒక తోక తీసియుంచెను. తుదకు అధికారిని ఒప్పించి దానిని చిత్రమునుండి తొలగించెను. ఏండ్లు గడచినవి. ఆ ముక్క చెడక దొరకినది. డిస్కులలో దానిని చిత్రమునకు అతికింపక విడిగా ఉంచిరి. స్కాటీ స్నేహితురాలు మిడ్జి తన యింట ఒంటరిగా కూర్చుండి రేడియో వార్తలు వినుచుండును. నేరస్థుని ఐరోపాలో వెదకుచున్నారని వార్త. తలుపు తెరచుకొని స్కాటీ వచ్చును. ఆమె రేడియో ఆపివేయును. ఒక గ్లాసులో పానీయము పోసి అతని చేతికిచ్చును. ఇద్దరును మాటలాడరు. కిటికీవెలుపల శాన్‌ఫ్రాన్సిస్కో దీపములు. వానివైపు చూచుచు వారట్లే యుండిపోవుదురు.